విడని పెట్టె

వేళ్లకు అంటుకుని ఎండిపోయిన ప్లాస్టర్‌ను అతను బ్లేడుతో గీకుతున్నాడు. స్టూడియోలో మిగతావాళ్లంతా గోడలకు డ్రాయింగులు అంటించే హడావిడిలో ఉన్నారు. అతని బల్ల కిటికీ పక్కన, అన్నిటికన్నా చివరిది. ఐదేళ్ల ఆర్కిటెక్చర్ చదువులో అతనికిది ఏడో ఏడు. రేడియో స్టేషన్‌కి ఉన్నట్టే మన కాలేజీకీ ఒక నిలయ విద్వాంసుడు ఉన్నాడని జూనియర్లు ఒకప్పుడు నవ్వుకున్నారు. పోనుపోను అది ఒట్టి ‘విద్వాంసుడు’ అయి కూర్చుంది. పిలిస్తే పలికేవాడు. నోట్లో నాలుక లేని మనిషి.

చివరి డిజైన్‌లో అతను ఇప్పటికే రెండుసార్లు తప్పాడు. మూడోసారి తప్పితే పేరు కొట్టేస్తారు, ఏడేళ్ల చదువూ బూడిదలో పోసిన పన్నీరే. మోడల్ చూసి మార్కులు వేసే జ్యూరీ మధ్యాహ్నం మూడు గంటలకి.

ఆ కాలేజీలో చివరి డిజైన్‌కు ఒక పద్ధతి ఉంది. ఏం కట్టాలో, ఎన్ని గదులుండాలో చెప్పరు. డబ్బాలో చీటీలు వేసి తలా ఒకటి తీయమంటారు. చీటీలో ఒకే ఒక్క మాట ఉంటుంది. ఆ మాటలోంచి భవనం పుట్టాలి. ఒకమ్మాయికి ‘ప్రవాహం’ వచ్చింది, ఇంకొకడికి ‘మౌనం’. విద్వాంసుడికి ‘ఖాళీ’ వచ్చింది. అదృష్టజాతకుడివి, తెల్లకాగితం ఇచ్చేసి ఇంటికి పో అన్నారు పక్కబల్లవాళ్లు. అతనికి నవ్వు రాలేదు. మొదటి రెండు వారాలూ అతను చూపించింది ఇంచుమించు తెల్లకాగితమే. ఖాళీని గీయలేవు, దాని చుట్టూ ఏముందో అది గియ్యి అన్నారు గైడ్ మేడమ్. బంకమట్టి తెచ్చి చెంచాతో తొలిచాడు. అట్టలు మడిచి కన్నాలు కోశాడు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు నెల తిరిగేసరికి బల్ల మీద ఒక బొక్కల మట్టిముద్ద మిగిలింది.

దారి దొరికింది ఒక ఆదివారం ఇంట్లో, నాన్న మోచేతుల దాకా సిమెంటు కడుక్కుంటుంటే. నాన్నది సెంట్రింగ్ వడ్రంగం. కాంక్రీటు పోయడానికి చెక్కపెట్టెలు కొట్టడం, అది గట్టిపడ్డాక వాటిని విప్పుకుని పోవడం. ముప్ఫై ఏళ్లుగా ఊరంతా ఆయన చేతి మీదుగానే లేచింది గానీ, ఏ ఇంట్లోనూ ఆయన కొట్టిన చెక్క ఒక్కటి కనబడదు. కనబడకూడదు కూడా. లోపల చెక్క వదిలేసిన వడ్రంగిని రెండోసారి ఎవరూ పనికి పిలవరు. ఆయన పెట్టె తీసేసిన చోట జనం కాపురాలు చేస్తున్నారు. గదంటే ఒక మనిషి పని ముగించుకుని తీసుకెళ్లిపోయిన పెట్టె చోటు, అంతే కదా అని అతనికి తోచింది. ఏడేళ్లలో అతనికి సొంతంగా తోచిన మాట అదొక్కటే.

వారంలో డ్రాయింగులు తయారయ్యాయి. పని దొరకని రోజున కూలీలు వచ్చి కూర్చునే విడిది. మూడే గదులు. చెప్పులు విప్పుకునేంత చిన్నదొకటి, నలుగురు మాట్లాడుకునేదొకటి, వందమంది పట్టేదొకటి. మేడమ్ మొదటిసారి బాగుంది అన్నారు. ఆ మాట అతను హాస్టల్ దాకా మోసుకెళ్లాడు. మోడల్ కూడా నాన్న పద్ధతిలోనే చెయ్యాలనుకున్నాడు. నిన్న సాయంత్రం పెద్ద చెక్కపెట్టె కొట్టి, గదుల కోసం లోపల మూడు చిన్న పెట్టెలు నిలబెట్టి, మధ్యలో ప్లాస్టర్ పోశాడు. పొద్దున్నే లోపలి పెట్టెలు లాగితే రాలేదు. పట్టకారుతో లాగితే చెక్క పేళ్లు పేళ్లుగా లేచింది. అప్పుడు నాన్నకి ఫోన్ చేశాడు.

“లోపల నూనె రాశావా?” అన్నాడు నాన్న.

చెక్క ప్లాస్టర్‌కు పట్టకుండా నూనె రాయాలని అతనికి తెలియదు. అటువైపు ఎవరో మేకులు కొడుతున్నారు. ముట్టుకోకు, వస్తున్నానని చెప్పి నాన్న ఫోన్ పెట్టేశాడు.

పదకొండింటికి వచ్చాడు, పని చొక్కాతోనే. గేటు దగ్గర ఏం పని మీద వచ్చావని అడిగితే సెంట్రింగ్ విప్పడానికి అన్నాడట, లోపలికి వదిలారు. ఏడేళ్లలో ఆయన ఆ కాలేజీలో అడుగుపెట్టడం అదే మొదలు. సంచిలోంచి సుత్తి, మేకులు పీకే ఇనప కడ్డీ, చిన్న నూనె డబ్బా తీసి వరసగా బల్ల మీద పెట్టాడు. నూనె ఇప్పుడెందుకని కొడుకు అడగలేదు. ఆయన పెట్టెకు చెవి ఆనించి, సుత్తి వెనకవైపుతో చుట్టూ మెల్లగా తట్టాడు. వైద్యుడు నాడి చూస్తున్నంత సేపు చూశాడు. గోడలకున్న డ్రాయింగుల వైపు మాత్రం భయంగా ఒక్కసారే చూశాడు.

“ఇది విడదురా. చెక్క తడి తాగి కరుచుకుంది. బలవంతం చేస్తే గోడలు పగులుతాయి.”

మళ్లీ పోసి ఆరబెట్టే వ్యవధి లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. చేసేదేమీ లేక ఇద్దరూ పెట్టె మీది దుమ్ము తుడుస్తూ కూర్చున్నారు.

నాలుగున్నరకి జ్యూరీ చివరి బల్ల దగ్గరికొచ్చింది. నాన్న గుమ్మం బయట, సంచి ఒళ్లో పెట్టుకున్నట్టు రెండు చేతులతో పొట్టకి అదుముకుని నిలబడ్డాడు. బయటి కాలేజీనుంచి వచ్చిన పరీక్షకుడు తెల్లగడ్డం ఆయన. పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

“ఖాళీ అనే మాటకి నిండిపోయిన గదులు చూపించావన్నమాట. ఎవరికీ చోటివ్వని గదులు. ఎదురు తిరిగి చెప్పావు. ఇప్పటిదాకా చూసినవాటిలో ఇదొక్కటే ఆలోచన.”

మేడమ్ ముఖం విప్పారింది. డ్రాయింగుల్లో గదులు ఖాళీగా ఉన్న సంగతి ఆవిడకు తెలుసు. అందుకే దారి చూపిస్తున్నట్టు, “చివర్లో డిజైన్ మార్చావు, అవునా?” అన్నారు.

ఒక్క అవును చాలు. నోటిదాకా వచ్చింది కూడా. అప్పుడు అతను గుమ్మం వైపు చూశాడు. నాన్న లోపలి మాటలు వింటున్నాడు. చెక్క లోపల వదిలేయడమే గొప్పన్న మాటకు, అర్థంకాక, తనలో తను అడ్డంగా తల ఊపుకుంటున్నాడు.

“కాదు మేడమ్,” అన్నాడు అతను. “అవి తీసేయాల్సినవి. రాలేదు.”

తెల్లగడ్డం ఆయన ముఖంలో ఉత్సాహం చప్పున ఆరిపోయింది. అయితే ఇది పూర్తికాని పని, పూర్తికాని మోడల్ తీసుకోవడానికి రూల్ ఒప్పుకోదన్నాడు. మేడమ్ కాగితం మీద ఏదో రాసి, తలెత్తకుండా సంతకం చేశారు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

నాన్న లోపలికొచ్చి బల్ల మీది పనిముట్లు సంచిలో వేసుకున్నాడు. మెట్లు దిగుతున్నప్పుడు అడిగాడు.

“అవునంటే గట్టెక్కేవాడివిగా?”

“నువ్వు గుమ్మంలో ఉన్నావు నాన్నా.”

ఆయన రెండు మెట్లు దిగి ఆగాడు. “నూనె సంగతి నేను చెప్పాల్సింది. ఈ పని నీ కంట పడితే నీకూ ఇదే అంటుకుంటుందని, చిన్నప్పట్నించీ నిన్ను సైటుకే రానివ్వలేదు.” సంచి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. “పొద్దున్నే ఆరింటికల్లా బయల్దేరాలి మరి.”

ఎక్కడికని అతను అడగలేదు. అడగాల్సిన అవసరం లేకపోవడమే అతన్ని లోపల కోసేసింది. సరే అన్నాడు. ఇద్దరూ గేటు దాటి బస్సుల వైపు నడిచారు, నాన్న ముందు, అతను వెనక.

అయిదింటికి స్టూడియో ఊడ్చే మనిషి వచ్చింది. అన్ని బల్లల మీదా మిగిలిన అట్టముక్కలు బుట్టలోకి ఎత్తింది. చివరి బల్ల మీది పెట్టె బరువుగా ఉండడంతో దాన్ని అలాగే వదిలేసి చుట్టూ తుడిచింది. పెట్టె పక్కన, నాన్న సంచిలో వేసుకోవడం మరిచిన నూనె డబ్బా, మూత తీయకుండా, నిండుగా ఉంది.