నూనె తాగిన చెక్క

నాకు నోరెక్కువని ఇంట్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అత్తగారు నన్ను చూసినప్పుడల్లా గోడతో చెబుతుంటారు. నేనూ గోడలాగే వింటాను. అలాంటి నేను ఇప్పుడు ఒక మనిషి చేసిన మేలు చెప్పుకుందామని కూర్చున్నాను. అలవాటు లేని పని, కాస్త ఓర్చుకోండి.

మాకో పాత డిస్కు ఉంది. ట్రాక్టరు వెనక తగిలిస్తే, ఇరుసుకు వరసగా గుచ్చిన ఇనుప పళ్ళాలు దొర్లుతూ మట్టిగడ్డలు చిదిపి నేలను విత్తనానికి సిద్ధం చేస్తాయి. మా మామగారు కొన్నది. దాని ఇరుసు తిరిగేది ఇనుప బేరింగుల్లో కాదు, చెక్క బేరింగుల్లో. నాలుగు చోట్ల, చోటుకు రెండేసి చెక్క దిమ్మెలు ఇరుసును అటూ ఇటూ పట్టుకుని ఉంటాయి. చెక్క అరుగుతుంది కాబట్టి ఇనుము అరగదు. దిమ్మెలు మారుస్తూ పోతే డిస్కు ఇంకో తరం బతుకుతుందని మామగారు అనేవారట.

ఈ ఏడు మొదటి వాన సోమవారం పడింది. మా నేలలో విత్తే పదును, ఆ తడి, నాలుగు రోజులు నిలిస్తే గొప్ప. తర్వాత పైన పెచ్చు కట్టేస్తుంది, విత్తనం వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటే. పోయినేడు అదును తప్పి సగం పొలం బీడు పెట్టాం. ఈసారీ తప్పితే పొలం కౌలుకిచ్చి కూలికి పోవాల్సిందేనని మా ఆయన ముందే అన్నాడు. అరిచి అనలేదు. ఆయన ఏదీ అరిచి అనడు, ఆ వాటా కూడా నాదే.

మంగళవారం పొద్దున డిస్కు పొలంలోకి దింపాడు. రెండు సాళ్ళు పోయిందో లేదో, చెవులు చిల్లులు పడేలా కీచుమని ఇరుసు బిగుసుకుపోయింది. పళ్ళాలు తిరగడం మానేసి మట్టిని ఈడ్చుకుపోయాయి. విప్పి చూస్తే చెక్క పూర్తిగా అరిగి, ఇనుమూ ఇనుమూ రాసుకుంటున్నాయి. మా ఆయన కంగారు పడలేదు. వంటింటి పక్క కొట్టంలో గోనెసంచి ఉందని, నూనెలో నానేసిన కొత్త దిమ్మెలు ఎనిమిదీ అందులోనే ఉన్నాయని, పట్టుకురమ్మనీ అన్నాడు.



ఆ దిమ్మెలు నాకు బాగా తెలుసు. కట్టెలు చెమ్మెక్కి పొయ్యి రాజుకోనప్పుడల్లా ఒక్కోటి తీసి వాడాను. ఎంత బాగా మండాయో చెప్పలేను. ఎవరో పుణ్యాత్ముడు పొయ్యి కోసమే చేసిపెట్టాడనుకున్నాను. కొరివితో తల గోక్కోవడమంటే ఉత్త సామెత అనుకునేదాన్ని.

ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆయన నన్నూ, డిస్కునూ మార్చి మార్చి చూశాడు. "ఎనిమిదీనా?" అన్నాడు. ఎనిమిదీ అన్నాను. ఏడవలేక నవ్వాడు.

విడిభాగాల కొట్టుకు ఫోన్ చేస్తే, దాన్ని చేసిన కంపెనీ మూతపడి ఇరవయ్యేళ్ళయిందని, పాత ఇనుముకు అమ్ముకోమని సలహా ఇచ్చారు. ఇరుగుపొరుగును డిస్కు అడుగుదామంటే అందరి పొలాల్లోనూ అదే పదును, అదే తొందర. ఇక మిగిలింది ఆ దిమ్మెలు చెక్కిన మనిషే. వడ్రంగి బాబాయి.

ఆయన గడప తొక్కే మొహం నాకు లేదు. రెండేళ్ళ కిందట మా వంటింటికి తలుపు చేశాడు. వాన పడితే చాలు, ఉబ్బిపోయి మూసుకోదు. ఆయన చేసిన తలుపుకు తను తలుపన్న సంగతే తెలియదని వీధి వీధంతా చెప్పాను. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. రెండు పెద్ద ఇళ్ళవాళ్ళు పని వేరేవాళ్ళకు ఇచ్చుకున్నారు. నేను ఎవరికీ చెప్పనిది ఒకటుంది. చెక్క పచ్చిగా ఉంది, రెండు నెలలు ఆరనిమ్మని ఆయన మొత్తుకున్నాడు. చుట్టాలొస్తున్నారు, వారంలో బిగించి తీరాలని పట్టుబట్టింది నేనే.

అయినా వెళ్ళాను. కొట్టు ముందు ఎప్పటిలాగే నల్లటి మొద్దు మీద కూర్చుని ఉన్నాడు. అది వాళ్ళ నాన్న తన చేతులతో చెక్కిన గానుగ రోకలి. నలభై ఏళ్ళు గింజలు నలిపి, నూనె తాగి తాగి నున్నగా అయింది. గానుగ మూలబడ్డాక దాన్ని రెండు రాళ్ళ మీద పెట్టుకుని కూర్చుంటాడు, వచ్చినవాళ్ళనూ కూర్చోమంటాడు. బట్టలు పాడవుతాయని నేనెప్పుడూ కూర్చోలేదు.

నీళ్ళు నములుతూ సంగతి చెప్పాను, పొయ్యి సంగతితో సహా. ఆయన అరిగిన దిమ్మెను చేతిలో తిప్పి చూసి, పదును ఎన్నాళ్ళుంటుందని అడిగాడు. మహా అయితే శుక్రవారం దాకా అన్నాను.

"చెక్కడం ఒక్కరోజు పని అమ్మాయ్. నూనె పట్టాలంటే నెల నానాలి. పచ్చిది బిగిస్తే ఏమవుతుందో నీ తలుపునడుగు."

దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. ఏడవకూడదనుకున్నా కళ్ళు నా మాట వినలేదు. ఆయన కాసేపు అరచేత్తో కూర్చున్న మొద్దును రాస్తూ ఉండిపోయాడు. తర్వాత లేచి, రేపు మధ్యాహ్నం తనే వస్తానని, ఇరుసును తుడిచి సిద్ధంగా ఉంచమని చెప్పాడు.

అన్నట్టే బుధవారం సైకిలు మీద వచ్చాడు. గుడ్డ మూటలో ఎనిమిది దిమ్మెలు, నల్లగా, పాత నూనె వాసనేస్తూ. మా ఆయన ఇరుసు మీది గరుకంతా గరుకు కాగితంతో నునుపు చేసి ఉంచాడు. బాబాయి ఒక్కో దిమ్మెను ఆనించి చూసి, ఉలితో వెంట్రుకంత తీసి, మళ్ళీ ఆనించి బిగించాడు. మరీ బిగించొద్దు, ఊపిరాడనివ్వమని మా ఆయనకు చెప్పాడు. చేత్తో తిప్పితే పళ్ళాల వరస మొత్తం చప్పుడు లేకుండా తిరిగింది. నేను మంచినీళ్ళు తెచ్చేలోపే ఆయన సైకిలు మలుపు తిరిగింది.

గురువారం సాయంత్రానికి దుక్కి అయింది. శుక్రవారం పదును ఆరకముందే ఆఖరి సాలు విత్తాం. మా ఆయన గట్టు మీద చతికిలబడి, చాలాసేపు పొలం వైపే చూస్తూ ఉన్నాడు. పెళ్ళయ్యాక ఆయన కళ్ళు తుడుచుకోవడం అదే మొదటిసారి చూశాను.

శనివారం వడ్రంగి బాబాయి దగ్గరికి వెళ్ళాను. కొట్టు ముందు నలుగురైదుగురు నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఆయనా ద్వారబంధానికి ఆనుకుని నిలబడే ఉన్నాడు. రెండు రాళ్ళున్నాయి. వాటి మీద ఏమీ లేదు.

ఆ ఖాళీని చూశాకే నాకు వెలిగింది. నూనె తాగిన చెక్క ఒక్కరోజులో ఎక్కణ్ణుంచి వచ్చిందని బుధవారం అడగాలన్న బుద్ధి కూడా పుట్టలేదు నాకు.

"బాబాయ్, మీ నాన్నగారి రోకలి..." అన్నాను.

"మిగతా ముక్క లోపలుంది. ఇంకో ఎనిమిది దిమ్మెలొస్తాయి. ఈసారి పొయ్యికి దూరంగా పెట్టుకో."

అందరూ నవ్వారు. నా వల్ల కాలేదు. ఆ నలుగురివైపూ తిరిగాను. వాళ్ళలో ఇద్దరికి ఆ తలుపు కథ నేనే స్వయంగా చెప్పాను.

"మా తలుపులో ఈయన తప్పేమీ లేదు. పచ్చి చెక్క, ఆగమ్మా అన్నాడు. వినకుండా బిగించమంది నేను. రెండేళ్ళుగా ఈయన్ని ఆడిపోసుకున్నదీ నేనే."

బాబాయి భుజం మీది తుండు తీసి, అవసరం లేకపోయినా మొహం తుడుచుకున్నాడు. ఎండలు ముదిరాక వచ్చి తలుపు అంచు చిత్రిక పట్టి కాస్త తీస్తానని, అప్పుడు బాగానే మూసుకుంటుందని అన్నాడు.

"కూర్చోమందామంటే ఏమీ లేదమ్మాయ్" అన్నాడు.

నేను ఆ రాళ్ళలో ఒకదాని మీదే కూర్చున్నాను.