నిప్పు తగిలిన ఒరుగులు

గుడియాత్తంలో మేస్త్రీ చెంగల్రాయలు మొండితనం తెలియనివాళ్ళు లేరు. కడుపులో గడ్డ ఉంది, కోసి తీసేయాలని వేలూరు డాక్టర్లు చెబితే, పళ్ళికొండలో ఎవరో ప్రకృతి వైద్యుడి మాట నమ్మి ఒక మండలం గడువు అడిగి వచ్చాడు. నలభై ఎనిమిది రోజులు నిప్పు తగిలిన మెతుకు ముట్టనన్నాడు. అప్పటికీ గడ్డ కరగకపోతే కత్తికి ఒప్పుకుంటానన్నాడు.

ఆ పథ్యం భారమంతా అక్క దేవకి నెత్తిన పడింది. పెళ్ళాం పోయిన తమ్ముడికి ఆమె తప్ప ఎవరున్నారు? వానలు ముదిరితే పెరట్లో ఏదీ నిలవదని, ఎండ కాస్తున్నప్పుడే టమాటాలు, మునగాకు, గోరుచిక్కుళ్ళు మిద్దె మీద ఎండబెట్టి డబ్బాలకెత్తింది. ఆ ఒరుగుల్ని అతను నీళ్ళలో నానబెట్టుకుని ప్రసాదంలా నమిలేవాడు.

నలభయ్యో రోజున రెండో కోత గోరుచిక్కుళ్ళు తెంపుకొచ్చి, పొయ్యి మీద ఉప్పునీళ్ళు పెట్టింది. నీళ్ళు మరిగాక కాయలు ముంచబోయి చటుక్కున ఆగింది. పురుగు పట్టకుండా కాయల్ని మరిగే నీళ్ళలో ఒక్క ముంచు ముంచి ఎండబెట్టడం ఆ ఇంటి ఆడవాళ్ళ చేతులకు తరాల అలవాటు. మొదటి కోతకూ అలాగే చేసింది! ఇన్నాళ్ళూ తమ్ముడు తిన్నది ఆ కాయలే. చెప్పేద్దామని పరుగున వెళ్ళింది.

"ఇంకెనిమిది దినాలేక్కా," అని నవ్వాడతను. ఆమె చెప్పకుండానే వెనక్కొచ్చి ఆ నీళ్ళు పారబోసింది.

గడువు తీరాక వేలూరులో స్కాన్ తీశారు. గడ్డ పెరిగింది. ఇంకా ఆలస్యం చేస్తే మా చేతుల్లో ఉండదంటూ డాక్టరమ్మ కాగితం ముందు పెట్టింది.

చెంగల్రాయలు పెన్ను తీసుకుని, మళ్ళీ కాగితం మీదే పెట్టేశాడు. "అక్కా, నిజం చెప్పు. పత్తెంలో యాడన్నా తప్పు జరిగిండాదా? జరిగింటే చెప్పు, మొదట్నించీ ఇంకో మండలం ఉంటా. ఈ కత్తి వద్దు."

బుద్ధెరిగిన నాటి నుంచి ఆ తమ్ముడితో ఆమె ఒక్క అబద్ధం ఆడలేదు.

"తప్పా? నా చేత్తోనా? ఒక్క కాయకు కూడా నిప్పు సెగ తగల్లే నాయనా," అంది.

"అయితే ఆ వైద్యంలోనే పసలేదు. నువ్వు మాత్రం దేవుడికి చేసినట్టు చేసినావక్కా," అని అతను సంతకం పెట్టాడు.

దేవకి వరండాలోకొచ్చి కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తమ్ముడు బతికితే ఈ అబద్ధాన్ని రోజూ అతని ఎదుటే మోయాలి. బతక్కపోతే, ఆ కాయల్ని ముంచకుండా ఉంటే గడ్డ కరిగేదేమో అన్న అనుమానం ఆమెను చచ్చేదాకా వదలదు.