గోదాములో జాగా

గోదాము లోపల పత్తి పొడిగా ఉంది. బయట మనుషులు తడుస్తున్నారు.

చూరు కింద గోడకి వీపులు ఆనించి నిలబడ్డ వాళ్ళంతా, పొద్దుట్నుంచి నడుములు వంచి ఆ పత్తి తీసి, గోనె బోరాలకెత్తి, నెత్తిన మోసుకొచ్చి లోపల పడేసిన వాళ్ళే. ఆఖరి బోరెం లోపలికి పోయాక ఆసామి శ్రీమన్నారాయణ గొడుగు కింద నిలబడి తలుపెయ్యమన్నాడు. కూలీల మేస్త్రి రోశయ్య వేశాడు. తాళం కూడా అతనే బిగించి, తాళంచెవి ఆసామి చేతిలో పెట్టాడు.

"అదేంది రోశయ్యా, తలుపేశావు?" అంది ఖైరున్నీసా. ఆమె పక్కన మొగుడు ఇమాం హుస్సేన్ తలగుడ్డ విప్పి పిండుకుంటున్నాడు.

రోశయ్య ఆసామి వంక చూశాడు. తడిసిన మనుషులు లోపలికొస్తే పత్తి చెమ్మ పడుతుందనీ, ఎవడో ఒకడు బీడీ వెలిగిస్తే మొత్తం బూడిదేననీ, ఎవరి గుడిసెలకి వాళ్ళు పొమ్మనీ అన్నాడు ఆసామి. ఆ మాట అనడానికి గొంతు కూడా పెంచలేదు.

"మరి మాటిచ్చారంట గదయ్యా," అంది చెంచమ్మ అనే ముసలామె.

"నేనా? ఎవరితో?" అన్నాడు శ్రీమన్నారాయణ.

జనం రోశయ్య వైపు తిరిగారు. రోశయ్య నేల చూశాడు.

జరిగిందేమిటంటే, ఆ ఊరికీ పక్క ఊరికీ మధ్య ఒక వాగుంది. అవతల దిబ్బ మీద మిషన్ వాళ్ళ బడి, రాతి కట్టడం. గాలివాన వస్తుందంటే ఊరి చివర పల్లెలోని కూలిజనం వాగు దాటి ఆ బడిలో తలదాచుకోవడం ఎప్పట్నుంచో ఉన్నదే. ఆ కార్తీకంలో తుఫాను వస్తోందని పంచాయతీ రేడియోలో చెప్పారు, పొద్దున్నే దండోరా వేశారు. పల్లె సర్దుకోవడం మొదలెట్టింది. తాటాకు కప్పులు లేచిపోకుండా మగాళ్ళు మోకులు కట్టి రాళ్ళు వేలాడదీశారు. ఆడాళ్ళు గింజల కుండల మూతులకి గుడ్డ వాసెనలు కట్టి అటకలెక్కించారు, అగ్గిపెట్టెలు నూనెగుడ్డల్లో చుట్టారు. గేదెల పలుపులు విప్పి వదిలేశారు. ఇక పిల్లల్నీ ముసలివాళ్ళనీ తీసుకుని బయల్దేరబోతుండగా రోశయ్య వచ్చాడు. చేలో పత్తి పగిలి తెల్లగా ఉంది, వాన పడితే పోతుంది, అందరూ రావాలన్నాడు.

మేం రామన్నారు. వాగు పొంగితే దాటలేమన్నారు.

వచ్చేముందు రోశయ్య ఆసామిని ఆ సంగతి అడిగే వచ్చాడు. పనయ్యాక జనాన్ని గోదాములో ఉండనిస్తారా అని. "ముందు పత్తి లోపలికి రానియ్. తర్వాత చూద్దాం" అన్నాడు ఆసామి. అది ఒప్పుకోవడం కాదని రోశయ్యకి తెలుసు. ఇరవై ఏళ్ళుగా ఆ మనిషి దగ్గర పనిచేస్తున్నవాడికి ఆ మాత్రం తెలీకపోదు. తెలిసే పల్లెలో చెప్పాడు: "వాగు దాటే పనేముంది? సాయంత్రం గోదాములో పడుకోండి. ఆసామి మాటిచ్చాడు."

రోశయ్య ఆ పల్లెలో పుట్టినవాడే. అందుకే నమ్మారు.

పని ముగిసేసరికి వాగు పొంగింది. తలుపు పడింది. గాలి తిరిగి చూరు కిందికి కూడా జల్లు కొట్టడంతో కొందరు గుడిసెలకి పరుగెత్తారు. ఇమాం హుస్సేన్ తల్లి మౌలాబీ నడవలేని మనిషి, గుడిసెలోనే ఉంది. ఆమెను ఎత్తుకొస్తానని అతను వెళ్ళాడు. రోశయ్యనీ అతని పెళ్ళాం అంకమ్మనీ తన ఇంటి వసారాలో ఉండమన్నాడు ఆసామి. రోశయ్య ఉన్నాడు.

మర్నాడు, రాత్రి పల్లెని ముంచిన నీళ్ళు తీశాక తల్లీ కొడుకులిద్దరూ మిరపతోటలో దొరికారు. కొడుకు చేతులు తల్లిని వదల్లేదు. పల్లెలో ఇంకా చాలామంది పోయారు. చెంచమ్మ మనవరాలు ఆనవాలు కూడా దొరకలేదు.

తాసీల్దారు వచ్చి పంచాయతీ అరుగు మీద కూర్చున్నాడు. బడికి పొమ్మని నేను పొద్దున్నే చెప్పించాను, వాళ్ళే వినలేదన్నాడు శ్రీమన్నారాయణ. తాసీల్దారు రోశయ్యని నిజమేనా అని అడిగాడు. ఎదురుగా జనంలో ఖైరున్నీసా ఉంది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"అవునండి," అన్నాడు రోశయ్య.

ఆ రోజు నుంచి రోశయ్యకి ముద్ద దిగలేదు. అంకమ్మ అన్నం పెట్టేది, పక్కకి తిరిగి కూర్చునేది. ఒకరోజు ఆమే అంది, వసారాలో పడుకున్నప్పుడు గాలిలో ఎవరో పిలిచినట్టు తనకి వినబడిందని, నీకు వినబడలేదా అని. వినబడలేదన్నాడు. అది కూడా అబద్ధమే. అతను మేస్త్రి పని మానేశాడు. పల్లెలో మళ్ళీ గుడిసెలు లేపుతుంటే తాటాకు మోసుకెళ్ళాడు. కొందరు తీసుకున్నారు. ఖైరున్నీసా తన ముందు దింపిన మోపుని కాలితో నెట్టేసింది.

చీరాల్లో పొగాకు కార్ఖానాలో పనిచేసి, సమ్మెలో పని పోగొట్టుకున్న ఇమ్మానియేలు ఆ రోజుల్లోనే ఊరికి తిరిగొచ్చాడు. పల్లె వాడే. వచ్చి, కూలిజనం సంఘం పెట్టుకోవాలని మీటింగు పెట్టాడు. తుఫానుకి పైకప్పు ఎగిరిపోయి గోడలు మాత్రం మిగిలిన పల్లె చర్చిలో అందరూ కూర్చున్నారు. రోశయ్య గుమ్మం అవతల నిలబడ్డాడు.

చెంచమ్మ చూసి, వాణ్ణి తరిమెయ్యమంది. ఇద్దరు లేచారు.

"ఉండనీయండి," అంది ఖైరున్నీసా. ఆమె లేచి అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "ఆసామి నిజంగా మాటిచ్చాడా?"

"లేదు. నేనే అన్నాను."

వెనకనుంచి ఒకడు వచ్చి చెంప మీద కొట్టాడు. ఇంకొకడు కొట్టాడు. రోశయ్య చెయ్యి అడ్డం పెట్టలేదు. ఇమ్మానియేలు మధ్యకొచ్చి ఆపాడు. ఆపి జనంతో మాట్లాడాడు. వీణ్ణి కొట్టి ఇంటికి పోతే ఆసామికి హాయి, అన్నాడు. వీడు కాకపోతే ఇంకో మేస్త్రి ఇదే అబద్ధం ఆడేవాడు. తాళం ఎవరిది, గోదాము ఎవరిది, అందులో ఉన్న పత్తి ఎవరి చేతుల మీదుగా వచ్చింది? మనిషి కన్నా ముందు పత్తిని కాపాడే పద్ధతి ఉన్నంతకాలం రోశయ్యలు పుడుతూనే ఉంటారు, అన్నాడు.

ఆ మాటలకి రోశయ్యకి ఊపిరాడినట్టయింది. తప్పు పద్ధతిది. తనది కాదు. అనుకున్న వెంటనే, అట్టా అనుకున్నందుకు సిగ్గేసింది.

ఖైరున్నీసా అతని మొహంలోకే చూస్తోంది. "అట్టా తేల్చెయ్యమాక ఇమ్మానియేలన్నా," అంది. "తాళం ఆసామిదే. బిగించిన చెయ్యి మాత్రం వీడిది. నాకు రెండూ గుర్తుంటాయి."

నిజమేనమ్మా, అన్నాడు ఇమ్మానియేలు.

ఆ రోజు వాదన చాలాసేపు నడిచింది. అర్జీ పెడదామని కొందరు, గోదాము తగలబెడదామని కుర్రాళ్ళు. తగలబెడితే మళ్ళీ గాలివానకి యాడ దూరతార్రా అని చెంచమ్మ తిట్టింది. చివరికి దారి చూపింది ఖైరున్నీసాయే. గాలివానంటే మనకెంత భయమో ఆసామికీ అంతే భయం, అంది. మనకి ప్రాణాల కోసం, ఆయనకి పంట కోసం. మనం చెయ్యి వెయ్యకపోతే ఆయన పంట లోపలికి రాదు. ఈసారి ముందు తలుపు తియ్యాలి, పిల్లలూ ముసలాళ్ళూ లోపలికి పోవాలి, ఆ తర్వాతే పని. అందరూ చేతులెత్తారు. గుమ్మం అవతల రోశయ్య కూడా ఎత్తాడు. అతని చేతిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఈ సంగతి నలుగురు వెళ్ళి చెబితే శ్రీమన్నారాయణ నవ్వాడు.

మిరప కోతలొచ్చాయి. రోశయ్య కూలీల్లో కూలీగా సాళ్ళలో కూర్చుని కాయలు కోశాడు. అతని సాలు పక్క సాలు ఖాళీగా ఉండేది.

వైశాఖంలో, ఆఖరి కోత కాయ కళ్ళంలో ఎర్రగా పరిచి ఉన్నప్పుడు మళ్ళీ దండోరా వేశారు. ఆకాశం తూర్పున నల్లబడింది. ఆసామి మనుషులు పల్లెకొచ్చి, కాయ టిక్కీ బస్తాలకెత్తి గోదాముకి చేర్చాలన్నారు. పల్లె మొత్తం కదిలింది. కళ్ళం వైపు కాదు. పిల్లల్ని చంకనేసుకుని, ముసలివాళ్ళని నులకమంచాల మీద మోసుకుని, గింజల కుండలూ మేకలూ తీసుకుని గోదాము ముందుకొచ్చి కూర్చున్నారు. కావాలంటే అప్పటికింకా వాగు దాటొచ్చు. ఎవరూ దాటలేదు.

శ్రీమన్నారాయణ వచ్చాడు. ముందు కసిరాడు. తర్వాత కూలి రెట్టింపు ఇస్తానన్నాడు. అదీ కాక, ఆడాళ్ళనీ పిల్లల్నీ వరండాలో ఉండనిస్తానన్నాడు. లోపలికి, అందరూ, అన్నాడు ఇమ్మానియేలు. పోలీసుల్ని పిలుస్తానన్నాడు ఆసామి. వాళ్ళొచ్చేసరికి మీ కాయ నానిపోద్దిలేండి, అంది చెంచమ్మ.

గాలి లేచింది. కళ్ళంలోంచి మిరప ఘాటు జనం మీదకి కొట్టింది. పిల్లలు తుమ్మారు. మొదటి చినుకులు పడ్డాయి.

శ్రీమన్నారాయణ కళ్ళు జనాన్ని వెతికి రోశయ్య దగ్గర ఆగాయి. "ఒరేయ్, ఇరవై ఏళ్ళుగా నా ఇంటి తిండి తిన్నావు. నువ్వన్నా చెప్పరా వీళ్ళకి. నీ మాట వింటారు."

రోశయ్య లేచి నిలబడ్డాడు.

"నా మాట విన్నందుకే చచ్చారండి," అన్నాడు.

చినుకులు చిక్కబడ్డాయి. ఎర్రటి కాయ మీద మచ్చలు మచ్చలుగా నల్లబడుతోంది. శ్రీమన్నారాయణ కాయ వైపు చూశాడు, జనం వైపు చూశాడు, మళ్ళీ కాయ వైపు చూశాడు. మొలలోంచి తాళంచెవి తీసి, తనే వెళ్ళి తలుపు తీశాడు.

అందరూ లోపల కుదురుకున్నాక కుర్రాళ్ళు కొందరు, కాయ పోతే పోనీ, మనకేంటన్నారు. ఖైరున్నీసా కొంగు బిగించింది. "తలుపు తీస్తే పని చేస్తామన్నాం. చేద్దాం. మాటివ్వడమంటే ఏంటో ఆసామిని చూడనిద్దాం," అంది. బలమున్న వాళ్ళంతా వానలో కళ్ళంలోకి పరుగెత్తారు. రోశయ్య చేతులు కాయ మంటకి ఎర్రబారేదాకా ఎత్తాడు. సగం పైగా దక్కింది.

తర్వాత గాలి మొదలైంది. పైన రేకులు మోగాయి, గోడలు అదిరాయి, కిటికీ సందుల్లోంచి నీళ్ళు చిమ్మాయి. టిక్కీల మధ్య, మేకల మధ్య పల్లె మొత్తం ఒదిగి కూర్చుంది. పిల్లలు నిద్రపోయారు. రోశయ్య తలుపు దగ్గర కూర్చుని కలయజూశాడు. అందరూ ఉన్నారు. అంత సరుకూ ఉంది. అయినా నడుమ నడవా అంతా ఖాళీ. మంచాలు వాల్చుకోవచ్చు. ఇంత జాగా. కార్తీకంలో కూడా ఇంతే జాగా ఉంది. అప్పుడు లోపలికి వచ్చి చూసింది అతనే, తాళం బిగించే ముందు.

అతను తల మోకాళ్ళ మధ్య పెట్టుకుని ఏడ్చాడు. ఆ గాలి మోతలో ఎవరికీ వినబడలేదు. అంకమ్మ మాత్రం వచ్చి పక్కన కూర్చుంది.

గాలి తగ్గి తలుపు తీసుకుని బయటికొస్తే పల్లెలో ఒక్క గుడిసె నిలబడి లేదు. ఒక్క ప్రాణం కూడా పోలేదు.

వాగు పొంగు తీసిన రోజే పోలీసు వ్యాను వచ్చింది. ఇమ్మానియేలూ ఖైరున్నీసా జనాన్ని పోగేసి, ఆసామిని బెదిరించి గోదాములో జొరబడ్డారని కేసు. కొంత కాయ దొంగిలించారని కూడా కలిపారు. సబిన్‌స్పెక్టరు రోశయ్యని పిలిచి, నువ్వు పాత మేస్త్రివి కదా, సాక్షి సంతకం పెట్టమన్నాడు.

"పెట్టనండి. తలుపు ఆసామే తీశాడు. కాయ ఎవరూ ముట్టలేదు," అన్నాడు రోశయ్య. "ఇంకొకటి కూడా రాసుకోండి. కార్తీకం తుఫానుకి పొద్దున్నే బడికి పొమ్మని ఆసామి ఎవరితోనూ చెప్పించలేదు. పొయ్యేవాళ్ళని నేనే ఆపాను, పత్తి కోసం. తాసీల్దారుగారికి నేను అబద్ధం చెప్పాను."

సబిన్‌స్పెక్టరు ఒక దెబ్బ వేసి అతన్ని కూడా వ్యానెక్కించాడు.

లోపల ఎదురు బల్ల మీద ఇమ్మానియేలు పక్కన ఖైరున్నీసా కూర్చుని ఉంది. ఆమే అడిగింది, "ఇప్పుడన్నది కోర్టులో కూడా అంటావా?"

"అంటాను."

"మా ఆయన పేరు చెప్పాలి. మా అత్త పేరు చెప్పాలి. చెంచమ్మ మనవరాలి పేరు చెప్పాలి. ఎంతోమంది పోయారు అంటే కుదరదు."

"అందరి పేర్లూ చెప్తాను."

"చెప్పు," అంది. "నేనేం నిన్ను మన్నించడానికి అడగటంలా."

"తెలుసమ్మా," అన్నాడు రోశయ్య.

వ్యాను వాగు దగ్గర బురదలో దిగబడింది. చక్రాలు తిరుగుతున్నాయే గానీ బండి కదల్లేదు. వెనక నడిచొస్తున్న పల్లె జనాన్ని చూసి, వచ్చి నెట్టమని సబిన్‌స్పెక్టరు కేకేశాడు. చెంచమ్మ ముందుకొచ్చింది. వ్యాను దాటి ఎదురుగా వెళ్ళి, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని దారికడ్డంగా బురదలో కూర్చుంది. ఆమె పక్కన అంకమ్మ కూర్చుంది. తర్వాత ఒక్కొక్కళ్ళూ కూర్చున్నారు. పోలీసులు లాఠీలు తీశారు. ఎవరూ లేవలేదు.

వాగు అవతల, మునిగిన చేలల్లో నీళ్ళు తీస్తున్న పక్క ఊరి కూలీలు పారలు ఆపి చూశారు. ఆ ఊళ్ళోనూ గోదాములున్నాయి. కాసేపు వాళ్ళలో వాళ్ళు ఏదో మాట్లాడుకున్నారు. అప్పుడు మొదట ఒక మనిషి, వెనక పదిమంది, ఆ వెనక చేలో ఉన్నవాళ్ళంతా, మోకాలి లోతు నీళ్ళలో వాగు దాటి దారికడ్డంగా కూర్చున్నవాళ్ళ వైపు రాసాగారు.