చూసిన మాట, కోరిన మాట

స్పానిష్ భాషను కనిపెట్టినవాళ్లెవరో గానీ, వాళ్ల చేతులు పడిపోను! ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి క్రియ ఒక రకమట. ఇంకా కానిది, కావాలని కోరేది చెప్పాలంటే దాని తోక మార్చాలట. ‘బాగున్నాడు’ అంటే ఎస్తా బియెన్. ‘బాగుండాలి’ అని కోరుకుంటే ఎస్తే బియెన్. రెండేళ్లు చదివినా ఎప్పుడు ఏది వాడాలో నా బుర్రకెక్కలేదు. మిషన్ దవాఖానలో సిస్టర్ పిలార్‌కు తెలుగు రాదు. రోగుల మాట ఆమెకు స్పానిష్‌లో చెప్పడం నా ఉద్యోగం. మానుకోటలో మా నాయిన బట్టల దుకాణంలో కూర్చున్నా పోయేది.

డెబ్బై నాలుగు ఎండాకాలం తండాల్లో పిల్లలకు తట్టు పోసింది. ఒక తండాలో సిస్టర్ జీపు పక్కనే ఎవరికో సూది వేస్తూ, “ఆ ఎదురింటి పిల్లవాణ్ని చూసిరా” అంది జీపులో ఉన్న నాతో. ఆ ఇల్లు బీక్యాది. వాకిట్లో మేకల పెంట, పులిసిన ఇప్పపువ్వు, ముసిరే ఈగలు. ఛీ! ఒకటే కంపు. జీపు దిగకుండా, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బీక్యా భార్యను కేకేశాను.

“మోతీబాయీ, పిల్లగాడు ఎట్లున్నడు?”

ఆమె గుమ్మంలోకి వచ్చింది. “తల్లి సల్లబడ్డదక్కా. ఎల్లిపోయింది. మంచిగున్నడు.”

సిస్టర్ జీపు ఎక్కగానే “ఎస్తా బియెన్,” అని చెప్పాను. జీపు కదిలింది.

తట్టు పోస్తే తల్లి ఇంటికొచ్చిందంటారు. ఇంట్లో అమ్మవారు ఉన్నన్నాళ్లూ ఆమె కోపంగా ఉందని ఎవరూ అనరు. అంటే ఇంకా మండిపడుతుందని భయం. చల్లబడింది, పోయింది అనే చెప్తారు. మా అమ్మా అలాగే అనేది. నాకు తెలియదా? ఆ పూట ఆ కంపు తప్ప నాకింకేమీ గుర్తుకు రాలేదు.

ఇంకో రెండు తండాలు తిరిగేసరికి పొద్దు గుంకింది.

“బీక్యా కొడుక్కి జ్వరం పూర్తిగా తగ్గిందా?” అంది సిస్టర్.

“వాళ్లమ్మ అలాగే చెప్పింది.”

“చెప్పిందా, కోరుకుందా?”

సిస్టర్ జీపు వెనక్కి తిప్పింది.

ఈసారి పెంట తొక్కుకుంటూ పరుగెత్తాను. లోపల వేపాకుల మీద మూడేళ్ల రాంజీ. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. “సల్లబడ్డదక్కా,” అంది మోతీబాయి, వాడికి వేపమండతో విసురుతూ.

“ఎస్తే,” అన్నాను సిస్టర్‌తో. “బాగుండాలని కోరుకుంటోంది.” మొదటిసారి తప్పు లేకుండా వాడాను. థూ, నా చదువు తగలెయ్య!

సిస్టర్ సూది వేసింది. దవాఖాన ఇంకా నాలుగు మైళ్లుందనగా జీపులోనే, తల్లి ఒళ్లో రాంజీ ఊపిరి ఆగింది.

మోతీబాయి తిట్టలేదు. తిడితే ప్రాణం హాయిగా ఉండేది. కొడుకు మొహం తుడుస్తూ మెల్లగా అంది: “నేనైతె గట్లనే చెప్పాలె గదక్కా. నువ్వు జర బండి దిగితె నీకు కనవడుతుండె.”

“ఏమంటోంది?” అని అడిగింది సిస్టర్.

ఒక్క మాట కూడా మింగకుండా చెప్పాను.