యాభై ఏళ్ల రేకు

ఆ ఏడు ఆగస్టులో పడిన వడగళ్లకు మా ప్రార్థనా మందిరం కప్పు తూట్లు పడింది. బుకోవినా కొండల కింద ఉన్న మా ఊళ్లో పెంతెకొస్తు విశ్వాసులం అరవై మందిమి. పాస్టరు ఫిలిమోన్ గారు ముప్పై ఏళ్లుగా మాకు చెబుతూ వచ్చింది ఒక్కటే: ప్రభువు రాకడ దగ్గరపడింది, లోకానికి మహాశ్రమలు మొదలవక ముందే సంఘమంతా పరలోకానికి ఎత్తబడుతుంది, సిద్ధంగా ఉండండి. ఆ మాట మీదే నేను బాప్తిస్మం తీసుకున్నాను. సంఘం పుస్తకంలో తీర్మానాలు రాసే పని కూడా నాదే.

రేకుల పని చేసే గిట్సా వచ్చి కప్పు ఎక్కి చూశాడు. అతను మా సంఘం వాడు కాదు, ఆర్థడాక్సు చర్చికి వెళ్లేవాడు.

"తారు కాగితం పరిస్తే ఐదారేళ్లు ఆగుతుంది పాస్టరు గారూ. మంచి రేకు వేస్తే యాభై ఏళ్లు అటు చూడక్కర్లేదు. మీకు ఎన్నేళ్లకు కావాలి?"

ఫిలిమోన్ గారు తలెత్తి కప్పు వైపు చూశారు. "సంఘాన్ని అడిగి చెబుతాను" అన్నారు.

ఆదివారం ఆరాధన అయ్యాక సభ పెట్టాం. కలప కోత మిల్లు నడిపే అవ్రామ్ ముందుగా లేచాడు.

"యాభై ఏళ్లేంటండీ? అప్పటిదాకా ప్రభువు రాడని మనమే కప్పు మీద రాసిపెట్టినట్టు కాదూ? తారు కాగితం చాలు."

"పోయినేడు కొత్త ట్రాక్టరు కొన్నావుగా అవ్రామ్," అంది వెనక బెంచీలోంచి జెనోవియా అవ్వ. "అదీ నీతోపాటు ఎత్తబడుతుందా?"

ఆడవాళ్ల వైపు నవ్వులు. అవ్రామ్ చెవులు ఎర్రబడ్డాయి. "ట్రాక్టరు వేరు, మందిరం వేరు!"

"ఎట్లా వేరో చెప్పు మరి."

అతను కూర్చుండిపోయాడు. చేతులెత్తమంటే సగం మంది తారు కాగితానికి ఎత్తారు, సగం మంది రేకుకు. అందరం పాస్టరు గారి వైపు తిరిగాం. ఆయన బైబిలు మూసి, మళ్లీ తెరిచి, "వచ్చే వారం చెబుతాను" అన్నారు.

పుస్తకంలో ఏం రాయాలో తెలియక సాయంత్రం పాస్టరు గారింటికి వెళ్లాను. ఆయన భార్య పరస్కీవమ్మ పొయ్యి మీద ప్లమ్ పళ్ల జామ్ కలుపుతోంది.

"రేకు వేయిస్తే ఇన్నాళ్లూ నేను చెప్పింది తప్పని ఒప్పుకున్నట్టు," అన్నారు ఆయన. "తారు కాగితం వేయిస్తే ప్రభువుకు గడువు పెట్టినట్టు. ఏం చేయమంటావయ్యా?"

పరస్కీవమ్మ గరిటె పక్కన పెట్టి అందుకుంది.

"పెళ్లైన కొత్తలో అక్రోటు మొక్క పెడదామంటే వద్దన్నారు. కాపుకొచ్చేసరికి మనం ఇక్కడుండం అన్నారు. ప్రతి క్రిస్మసుకూ తీపి రొట్టెలోకి పొరుగింటి వాళ్ల కాయలే అడుక్కుంటున్నాను."

"అప్పుడు నిజంగా అట్లాగే అనిపించింది పరస్కీవా."

"అబద్ధమాడారని నేనన్నానా? ప్రభువు రాడనీ అనట్లేదు. నాకు అక్రోటు చెట్టు లేదంటున్నానంతే."

తర్వాతి ఆదివారం ఆయన, ఆ దినం ఎవరికీ తెలియదని ప్రభువు చెప్పిన భాగం చదివి ఆగిపోయారు.

"ఇది మీకు ఎన్నిసార్లు చదివానో. చదివిన వెంటనే నాకేదో తెలిసినట్టు మాట్లాడేవాణ్ణి. నాకు తెలియదు. సంఘం శ్రమలకు ముందు వెళ్తుందో, వాటిలో నడిచి వెళ్తుందో కూడా ఇవాళ గట్టిగా చెప్పలేను. ఆయన వస్తాడు. అంతవరకే తెలుసు. రేకు వేయించండి. తప్పయితే నాదే."

అవ్రామ్ కుటుంబంతో సహా లేచి బయటికి వెళ్లిపోయాడు. ఆ వారం నుంచి పక్క ఊరి సంఘానికి పోతున్నాడు. నన్ను తికమకపెట్టింది జెనోవియా అవ్వ. కోరుకున్నదే జరిగినా తలగుడ్డ అంచుతో కళ్లు తుడుచుకుంటూ కూర్చుంది.

"రేకే కావాలన్నాను గానీ నాయనా, ఆయన నోట తెలియదన్న మాట వినాలనుకోలేదు" అంది.

అక్టోబరులో గిట్సా కప్పు వేసి వెళ్లాడు. తర్వాత కొన్ని వారాలకు రాహిల అనే అమ్మాయి భర్తతో కలిసి, ఆరాధన అయ్యాక పాస్టరు గారి దగ్గరికి వచ్చింది. వాళ్లకు ఇద్దరు పిల్లలు.

"మూడో బిడ్డను కనమంటారా పాస్టరు గారూ? అంత్యకాలంలో చంటిపిల్లల తల్లులకు కష్టమని మీరే చెప్పేవారు కదా."

ఆయన "కనండమ్మా" అన్నారు.

వాళ్లు వెళ్లాక నా చెయ్యి పట్టుకున్నారు.

"సరిగ్గానే చెప్పానంటావా?"

"ఏమో పాస్టరు గారూ" అన్నాను. ఇద్దరం కలిసి బెంచీలు సర్దడం మొదలుపెట్టాం.