గుమ్మడి తీగ కింద హద్దురాయి

చిన్న మంగళారం చర్చిలో నెలకోసారి ప్రభువు బల్ల జరుగుతుంది. పాస్టరుగారు చేవెళ్ల నుంచి వచ్చి యేసు శరీరానికి గుర్తుగా రొట్టె విరిచి పంచుతారు. ఆ రొట్టె ఎవరి చేతిలో పడాలో తేల్చేది మాత్రం సంఘపెద్ద స్వామిదాసు. కల్లు తాగినవాడు, పెళ్లాన్ని కొట్టినవాడు, అబద్ధమాడినవాడు ముందుకు రాకూడదు. వస్తే స్వామిదాసు లేచి నిలబడి గట్టిగా దగ్గేవాడు. ఆ దగ్గుకు ఎంతటివాడైనా వెనక్కి తిరగాల్సిందే.

ఎక్కువసార్లు వెనక్కి తిరిగినవాడు సొంత బామ్మర్ది బాల్‌రాజ్. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఫాంహౌస్‌ల కోసం కార్లేసుకుని మొయినాబాద్ రోడ్డెక్కినప్పటి నుంచి అతను భూముల బ్రోకరు. ఎండిన బోరును పొంగే బోరని చెప్పి ఒకాయనకు తోట అమ్మించాడు. అది బయటపడ్డాక అతనికి రొట్టె బందయింది.

"బావా, దేవుడు రమ్మంటనే ఉన్నడు. నువ్వే గేటుకాడ వాచ్‌మన్ తీర్గ నిలబడ్డవ్," అని నవ్వేవాడు. నవ్వేవాడే కానీ, బల్ల ఆదివారం వస్తే లోపలికి రాకుండా గడప బయట చెప్పుల దగ్గర కూర్చునేవాడు.

ఈసారి కోతపండుగ బల్ల ఆదివారం నాడే వచ్చింది. దానికి ముందురోజు స్వామిదాసు గుమ్మడికాయ కోయడానికి చేనుకు పోయాడు. పండుగనాడు ఎవరి పంటలో మేలైనది వాళ్లు తెచ్చి బల్ల ముందు పెడతారు. ఏటా అందరికంటే పెద్ద గుమ్మడికాయ స్వామిదాసుదే. పక్క చేను మల్లప్పది. రెండు చేన్ల మధ్య గట్టు పక్కనే, స్వామిదాసు వైపు, ఆ గుమ్మడి పాదు.

తీగ పక్కకు లాగి కొడవలి వేస్తే ఠంగుమంది. ఆకులు తప్పించి చూశాడు. హద్దురాయి.

ఆ రాయి అతనికి బాగా తెలుసు. చిన్నప్పుడు దుక్కి దున్నే తండ్రికి సద్ది తెచ్చి దాని మీదే కూర్చునేవాడు. అప్పుడది గట్టు మీద ఉండేది. ఇప్పుడు గట్టుకు రెండు బారల ఇవతల, తన చేలో ఉంది.

రాయి నడవదు. నడిచింది గట్టు. దుక్కి దున్నినప్పుడల్లా గట్టును ఒరుసుకుంటూ ఒక సాలు ఎక్కువ వేయడాన్ని ఈ చుట్టుపక్కల ఎవరూ దొంగతనమనరు, నాగలి తిప్పుకోవడం అంటారు. గట్టు సన్నబడితే అవతలి వైపు నాలుగు తట్టల మట్టి పోస్తారు. తండ్రి అట్లాగే చేశాడు, తనూ అట్లాగే చేశాడు. పైగా ప్రార్థన చేసుకుని మరీ నాగలి కట్టేవాడు.

కాయను మోసుకుపోవడానికి బండి తెచ్చిన బాల్‌రాజ్ వెనక నిలబడి అంతా చూశాడు. మల్లప్ప రోడ్డు వైపు తుకడా భూమి అమ్ముతున్నాడు, ఆ బేరం కుదిర్చింది అతనే.

"సోమవారం సర్వేయర్ వస్తున్నడు బావా. చేనంతా కొలుస్తడు. బండ్ల గడ్డపార ఉన్నది. రాయిని పీకి గట్టు మీద పాతితే అయిపాయె. నిన్ను దొంగ అంటే మా అక్క తట్టుకోదు."

వెక్కిరింపు కాదది, ప్రేమే. అదే స్వామిదాసుకు ఎక్కువ గుచ్చుకుంది. గడ్డపార అందుకున్నాడు. రాయి మొదలు దగ్గర ఒక పోటు పొడిచాడు కూడా. పాత రాయి, ముసలివాడి పన్నులా వదులై ఉంది. ఇంకొక్క పోటుకు లేచొస్తుంది. ఎదురుగా తను బల్ల నుంచి వెళ్లగొట్టిన అబద్ధాలకోరు చూస్తున్నాడు. స్వామిదాసు గడ్డపార కింద పడేసి ఇంటిదారి పట్టాడు.

ఇంట్లో భార్య కరుణమ్మకు జరిగింది చెప్పి, "రేపు కాయతోని మేకపోతును గూడ చర్చికి ఇద్దాం. మూడొద్దులు ఉపాసముంట," అన్నాడు.

"మల్లప్ప మన్ను తిని దేవునికి మేకపోతు ఇస్తవా? దేవుడేమన్న పట్వారీనా, లంచం ముట్టంగనే హద్దు మార్చనీకి?" అంది కరుణమ్మ. "మల్లప్పన్న కాడికి పో."

మల్లప్ప పశువులకు మేత వేస్తున్నాడు. స్వామిదాసు నిలబడే చెప్పాడు. పెద్దరికం, తెల్లచొక్కా, సంఘంలో పేరు, అన్నీ ఆ నాలుగు మాటల్లో పోతాయని తెలిసే చెప్పాడు.

మల్లప్ప చేతులు దులుపుకున్నాడు. "గిది చెప్పనీకి ఇంత ఆయాసమా? నాకెరుకే దాసు. మీ బాపు కాలం నుంచి చూస్తనే ఉన్న."

"మరి ఎన్నడూ అడగలే?"

"అడుగుదామనే ఓసారి కట్టె పట్టుకొని గట్టు మీదికొచ్చిన. నువ్వు పాట పాడుకుంట దున్నుతున్నవ్. లొల్లి వెడితే మన్ను దక్కుతది, మనిషి పోతడు. నాకు పక్క చేన్ల మనిషి గావాలె అనిపించింది. ఆ పొద్దే ఇడిసిపెట్టిన."

"నేను దున్నుతుంటెనా?"

"ఆఁ, దున్నుతుంటెనే."

స్వామిదాసు మేత తొట్టికి చేరగిలబడ్డాడు. ఎన్నో ఏళ్లుగా కృప గురించి వాక్యం చెప్పినవాడు. అది ఇట్లా పేడ వాసనతో, మోకాలి దాకా పంచె ఎగగట్టుకుని ఎదురొస్తుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. కాసేపటికి లేచి, "పార ఉన్నదా మల్లప్పన్నా? గట్టు జరపాలె," అన్నాడు.

"ఇడిసిపెట్టిన అంటున్న గద! మల్ల ఎందుకయ్య నడుములు ఇరగ్గొట్టుకునుడు?"

"ఇడిసిపెట్టినవ్ గనుకనే. లేకుంటే సర్వేయర్‌కు భయపడి జరిపినోన్నైత. ఇప్పుడు నీ ముంగట సక్కగ బతకాలనే జరుపుత."

పొద్దు గూకేదాకా ముగ్గురూ మట్టి తవ్వి పోశారు. చేను దగ్గరే ఆగిన బాల్‌రాజ్ ఇస్త్రీ ప్యాంటు మడుచుకుని మరీ తట్టలు ఎత్తాడు. గట్టు మళ్లీ రాయి మీదికి వచ్చింది. "నీ నేల పంట," అని గుమ్మడికాయను కోసి స్వామిదాసు మల్లప్ప చేతుల్లోనే పెట్టాడు.

తెల్లారి ఆరాధన మొదలుకాకముందే మల్లప్ప బొట్టు పెట్టుకుని, ఆ కాయను భుజానికెత్తుకుని చర్చికి వచ్చాడు. "మా నేల కాయ, మా తరపున," అని బల్ల ముందు దించి పోయాడు. జనం గుసగుసలాడారు. స్వామిదాసు లేచి, గట్టు కథ దాచకుండా చెప్పేశాడు. "ఇంతకాలం బల్లకు నేను కాపలా అనుకున్న. నన్నే ఎవలూ ఆపలే," అన్నాడు.

పాస్టరుగారు రొట్టె విరిచారు. స్వామిదాసు మాత్రం గడప దాటి బయటికి నడిచి, చెప్పుల దగ్గర బామ్మర్ది పక్కన కూర్చున్నాడు.

"ఇది నా జాగ బావా. ఇది గూడ దున్నుకుంటవా?"

"లెవ్వు. ఇద్దరం పోదాం."

బాల్‌రాజ్ నవ్వు ఆగిపోయింది. "ఎండిన బోరు అమ్మినోన్ని నేను."

"గట్టు దున్నినోన్ని నేను. మంచిగైనంక పోదామంటే మనిద్దరికీ ఈ జన్మల రొట్టె దొరకది. తిందాం, తిన్నంక మంచిగైదాం. రేపు పొద్దుగాల ఆ బోరాయన కాడికి నీతోని నేనొస్త."

బాల్‌రాజ్ లేచాడు. ఇద్దరూ బెంచీల నడుమ నుంచి నడిచారు. సగం దాకా పోయాక స్వామిదాసుకు గట్టిగా దగ్గొచ్చింది. బాల్‌రాజ్ అలవాటు కొద్దీ టక్కున ఆగి వెనక్కి తిరగబోయాడు.

స్వామిదాసు అతని చెయ్యి పట్టుకున్నాడు. "నిన్నటి గట్టు దుమ్మురా. నడువ్."