కుడిపక్క పిల్లికూత

రెండున్నరేళ్ల పిల్ల నోరు మూసుకుని కూచుంటే ఇల్లు ఇల్లులా ఉంటుందా? చిట్టితల్లి సంగతే చెప్తున్నాను. ప్రోతరాపూర్‌లో బస్సు దిగి దేముడమ్మ ఇల్లెక్కడని అడిగితే, చిన్నపిల్ల అరుపులు వినిపించే వైపు వెళ్లిపొమ్మనేవారు. కోడిని చూసినా కేకే, బస్సును చూసినా కేకే. అన్నం పెడితే సంతోషంతో అరిచేది, పెట్టకపోతే కోపంతో అరిచేది. అలాంటి గుంట ఇప్పుడు నాయనమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని గుమ్మంలో కూచుంటోంది. కోడి ఎదురుగా వచ్చి నిలబడినా కన్నెత్తి చూడటం లేదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఊపిరి తీస్తే ఛాతీలో సన్నగా పిల్లికూత.

దేముడమ్మకి ప్రాణం విలవిల్లాడిపోయింది. ఆవిడ కొడుకు వాసుదేవ్ ఈ దీవి నుంచి నికోబార్ వైపు తిరిగే ఓడలో పని చేస్తాడు. కోడలు గౌతమి పొద్దున్నే అబర్డీన్ బజార్‌లో బట్టల కొట్టుకి వెళ్లిపోతుంది. పగలంతా పిల్ల నాయనమ్మదే. "కన్నది గౌతమే గానీ పెంచుతున్నది నానే" అని అడగనివాళ్లకి కూడా చెప్పే మనిషి. ఇప్పుడు ఆ పెంచిన పిల్ల గొంతులోంచి మాట రావడం లేదు.

ఊరికే కూచోలేదు, పాపం. వాము నూరి వాసన చూపించింది. వెల్లుల్లి వేసి కాచిన నూనె ఛాతీకి రాసింది. దగ్గర్లో ఉన్న డిస్పెన్సరీలో ఎర్రమందు ఇస్తే చెంచాడు చెంచాడు పట్టింది, అందులో సగం తన చీర మీదే పడింది. పక్కింటి సీతాలు వచ్చి, "పిల్లకి సముద్రపు గాలి పడ్డం లేదేమో దీదీ" అంది. దేముడమ్మకి ఒళ్లు మండింది.

"నాలుగు పక్కలా సముద్రమే ఉన్న ఊళ్లో గాలి తగలకుండా దీన్నెక్కడ పెంచమంటావే? నీ నెత్తి మీదా?"

సీతాలు మళ్లీ ఆ ఊసెత్తలేదు. పిల్లికూత మాత్రం తగ్గలేదు. ఓ పొద్దున్న పిల్ల పాలు కూడా వద్దనేసరికి గౌతమి కొట్టుకి సెలవు చెప్పేసింది. అత్తాకోడళ్లు పిల్లని భుజాన వేసుకుని బస్సెక్కి, పట్నంలో పెద్దాసుపత్రికి వెళ్లారు. పిల్లల వార్డులో మంచం ఇచ్చారు.

అక్కడి డాక్టరమ్మని చూసి దేముడమ్మకి గుండె జారిపోయింది. మరీ చిన్నపిల్ల. రంగత్ వైపు బెంగాలీ కుటుంబం నుంచి వచ్చి చదువుకున్నదట. తెలుగు ఒక్క ముక్క రాదు, అంతా హిందీలోనే. అందుకేం, దేముడమ్మకి హిందీ వీధిలో ఆడుకుంటూ వచ్చిన భాష. 'భాష సరే, నీకు మందులొచ్చా తల్లీ' అని మనసులో అనుకుంది గానీ పైకి మాత్రం "నమస్తే డాక్టర్ బేటీ" అంది.

ఆ డాక్టరమ్మ హడావిడి పడే రకం కాదు. స్టెతస్కోపు అరచేతిలో రుద్ది వెచ్చగా చేసి, ముందు పిల్ల బొమ్మకి పెట్టింది. ఆ తరవాత దేముడమ్మకి పెట్టింది. అప్పుడు గానీ పిల్లకి పెట్టలేదు. చిట్టితల్లి ఏడవకుండా చూస్తూ కూచుంది. డాక్టరమ్మ ఎడమపక్క వింది, కుడిపక్క వింది, వీపున వింది, మళ్లీ ముందుకొచ్చింది. కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"కుడిపక్కే కూస్తోంది" అంది, తనలో తను అనుకున్నట్టు.

ముందైతే ఆవిరిమందు పట్టమన్నారు. మూతికి మాస్కు పెట్టేసరికి పిల్ల తల అడ్డంగా విసిరి గోల. అప్పుడు దేముడమ్మ నర్సు చేతిలోంచి ఇంకో ఖాళీ మాస్కు లాక్కుని తన ముక్కుకి తగిలించుకుంది. "చూడే, నాను ఏనుగుని" అని మాస్కు గొట్టాన్ని తొండంలా ఊపింది. వార్డులో పిల్లలందరూ ఒకటే నవ్వు. పక్కమంచం పిల్లాడు తనకీ ఏనుగు ముక్కు కావాలని పేచీ. ఆ పూటంతా ఆసుపత్రిలో జబ్బులున్నాయన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. చిట్టితల్లి కూడా నవ్వింది. నవ్వు మధ్యలోనే ఊపిరి చాలక ఆగిపోయింది. అది చూసి దేముడమ్మ మాస్కు తీసి పక్కన పెట్టేసింది.

మందుకి కాస్త తగ్గినట్టే తగ్గి, మళ్లీ కుడిపక్క మొదలు. ఎక్స్‌రే తీశారు, చెప్పుకోదగ్గదేమీ కనపడలేదు. మర్నాడు డాక్టరమ్మ అత్తాకోడళ్లని కూచోబెట్టి విడమరిచి చెప్పింది.

"ఆస్తమా అయితే రెండుపక్కలా కూస్తుంది. ఒక్కపక్కే కూస్తోందంటే, ఆ దారిలో ఏదో అడ్డం పడి ఉండొచ్చు. అన్నీ ఎక్స్‌రేలో కనపడవు. మత్తిచ్చి, సన్న గొట్టం లోపలికి దింపి చూడాలి. అయితే, ఊరికే అనుమానం మీద ఇంత పిల్లకి మత్తివ్వాలంటే నాకు మనసొప్పడం లేదు. అలాగని ఊరుకుంటే ఆ పక్క ఊపిరితిత్తి పాడైపోతుంది. అందుకే అడుగుతున్నాను. ఏదైనా మింగిందా? గొంతులో ఇరుక్కుందా? బాగా ఆలోచించి చెప్పండి."

దేముడమ్మకి రోషం పొడుచుకొచ్చింది. తన పెంపకం మీద మాట పడింది మరి.

"నా కళ్లు దాటి ఈగ కూడా దాని నోట్లోకి పోదు బేటీ. గుండీలు, పూసలు, చిల్లర, అన్నీ అటక మీదే. మా ఇంట్లో దాని చేతికి అందేది గోడ ఒక్కటే. ఏదీ మింగలేదు, ఏదీ ఇరుక్కోలేదు."

డాక్టరమ్మ ఇంకోసారి అడిగింది. దేముడమ్మ ఇంకోసారి లేదంది. గౌతమి కూడా లేదనే తలూపింది. ఇద్దరూ నిజమే చెప్తున్నామనుకున్నారు. ఇంకో రోజు మందులు వాడి చూద్దాం, ఆపైన పెద్ద డాక్టర్లతో మాట్లాడతాను అని ఆ అమ్మాయి లేచింది గానీ, గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వెనక్కి చూసింది. దేముడమ్మకి గొట్టం దింపినా భయమే, దింపకపోయినా భయమే. ఏ దేవుడికి మొక్కాలో తెలియక అందరికీ కలిపి ఒకటే దండం పెట్టింది.

ఆ మధ్యాహ్నం వాసుదేవ్ నుంచి ఫోనొచ్చింది. సముద్రం బాగోలేక ఓడని కాంప్‌బెల్ బేలోనే ఆపేశారు. అక్కడ సిగ్నల్ దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. ఇన్నాళ్లూ పిల్ల జబ్బు సంగతి అతనికి చెప్పలేదు, ఓడ మీద ఉన్నవాడికి కంగారెందుకని. ఇప్పుడిక దాచలేక గౌతమి వీడియోలో పిల్లని చూపించింది. చేతికి సూది, ముక్కు దగ్గర మాస్కు. చూసీ చూడగానే అంత మొగాడూ బావురుమన్నాడు.

కొడుకు ఏడుస్తుంటే దేముడమ్మ చూడలేకపోయింది. ఫోను లాక్కుంది.

"ఏడుస్తావేట్రా, ఊరుకో. దీని మీద నీకెంత బెంగో నాకు తెలీదేటి? నువ్వు ఓడెక్కిన సాయంత్రమే తెలిసిపోయింది. వేపిన వేరుసెనగ గుళ్లు తింటూ గెంతుతున్నాది గుంట, ఒకటే పొలమారిపోయింది. కళ్లంట నీళ్లు, మొహం ఎర్రగా కందిపోయింది. నెత్తి మీద తట్టి, 'మీ నాన్న తలుచుకుంటున్నాడే' అన్నాను. అంత దగ్గులోనూ నవ్వింది నీ కూతురు. హాడో జెట్టీ దాటకుండానే తలుచుకున్నావు కదూ?"

ఉత్తి మాటలతో చెప్తే దేముడమ్మ ఎందుకవుతుంది? దగ్గి చూపించింది, కళ్లు పెద్దవి చేసి చూపించింది, తన నెత్తి మీద తనే టపటపా తట్టుకుంది. పక్కమంచం దగ్గర పిల్లాణ్ణి చూస్తున్న డాక్టరమ్మ ఈ వైపు తిరిగింది.

"అమ్మాజీ, ఏంటది? ఎవరికలా దగ్గొచ్చింది?"

"ఏం లేదు బేటీ. వాళ్ల నాన్న దీన్ని గుర్తు చేసుకున్నాడు."

"గుర్తు చేసుకుంటే దగ్గెందుకు?"

దేముడమ్మకి జాలేసింది. ఇన్ని చదువులు చదివీ పాపం ఈ పిల్లకి ఇది తెలియదు. ఓపిగ్గా చెప్పింది. తింటూ ఉండగా ఉన్నట్టుండి ఊపిరాడకుండా దగ్గొస్తుంది చూడు, అదెవరో దూరాన ఉన్నవాళ్లు మనల్ని తలుచుకున్నందుకు. నెత్తి మీద తట్టి, ఎవరు తలుచుకున్నారో చెప్పుకుంటే పోతుంది.

"ఏం తింటోంది అప్పుడు?"

"వేరుసెనగ."

డాక్టరమ్మ మెల్లిగా వచ్చి మంచం అంచు మీద కూచుంది. ఆ తరవాత, "నేను మిమ్మల్ని అడిగాను కదా అమ్మాజీ" అంది.

"మింగిందా, ఇరుక్కుందా అనడిగావు. ఇరుక్కోలేదు. దగ్గింది, నీళ్లు తాగింది, నవ్వింది, గెంతుకుంటూ పోయింది. తండ్రి ప్రేమగా తలుచుకుంటే అది జబ్బుల్లో లెక్కేసి చెప్తారేటి ఎవరైనా?"

ఆ మాట నోట్లో ఉండగానే దేముడమ్మకి అర్థమైపోయింది. ఆ గుళ్లు వేపింది తను. ఒక్కొక్కటీ నోటికి అందించింది తను. కుడిచేతిని చూసుకుని, కోడలి మొహం చూడలేక తల దించేసుకుంది.

"నానేనే గౌతమీ. ఈ చేత్తోనే పెట్టాను."

గౌతమి అత్త చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. "ఆ రోజు నేను ఇంటికి రాగానే చెప్పావు కదత్తా. నేనూ నవ్వాను. నాకెంత సంతోషమేసిందో తెలుసా? నేనున్నా నెత్తి మీదే తట్టుదును."

"మీరిద్దరూ తరవాత ఏడుద్దురుగాని" అంది డాక్టరమ్మ. తనేమో నవ్వుతోంది. "నాకు కావలసింది దొరికింది. ఇంక అనుమానం మీద మత్తివ్వడం కాదు. రేపు పొద్దున్నే చూసేద్దాం. ఇంకోమాట. ఐదేళ్లొచ్చే వరకూ దానికి గుళ్లు గుళ్లుగా పెట్టకండి, పొడి చేసి పెట్టండి. నాన్నగారిని ఎన్నిసార్లయినా తలుచుకోమనండి, పర్వాలేదు."

మంచం మీద పడేసిన ఫోనులోంచి వాసుదేవ్ గొంతు అప్పటిదాకా మొత్తుకుంటూనే ఉంది. "అమ్మా, ఏటయిందే? నేనేం చేశాను? ఎవరైనా చెప్పండర్రా."

మర్నాడు పొద్దున్న పిల్లకి పచ్చి మంచినీళ్లు కూడా ఇవ్వకూడదన్నారు. చిట్టితల్లి ఇడ్లీ అంటే ఇడ్లీ అని కూచుంది. దేముడమ్మ లేని ఏనుగులన్నీ తెచ్చి ఆడించింది. తెల్లగౌన్లవాళ్లు వచ్చి పిల్లని లోపలికి తీసుకెళ్లాక మాత్రం ఆ మనిషికి నోట మాట లేదు. తలుపు వైపే చూస్తూ బల్ల మీద కూచుంది. జీవితంలో అంతసేపు మాట్లాడకుండా ఎప్పుడూ లేదు. అది చూసి గౌతమికి ఇంకా భయమేసింది.

డాక్టరమ్మ తనే బయటికొచ్చింది. చేతిలో చిన్న సీసా. అందులో నాని ఉబ్బిన వేరుసెనగ బద్ద.

"ఇదేనా?" అంది దేముడమ్మ. సీసా పట్టుకుని వెలుతురు కేసి తిప్పి చూసింది. "ఇంతేనా? దీని మొహం మండ, ఇంత లేదు, నా ఇంటినంతా కూచోబెట్టేసింది." తిడుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే డాక్టరమ్మ రెండు బుగ్గలూ పట్టుకుని నొక్కేసింది. ఆ అమ్మాయి అలాగే నిలబడి నొక్కించుకుంది.

పిల్లకి మెలకువ వచ్చాక, డాక్టరమ్మ స్టెతస్కోపు తీసి దేముడమ్మ చెవులకి పెట్టింది. కుడిపక్క. దేముడమ్మ కళ్లు మూసుకుని వింది. గాలి వస్తోంది, పోతోంది. కూత లేదు. ఎడమపక్క వింది, అక్కడా అదే. మళ్లీ కుడిపక్క పెట్టమంది. ఆపైన గౌతమి వింది. నర్సు తన పనిలో తనుంటే ఆవిడనీ పిలిచి, "నువ్వూ విను దీదీ, ఎంత బావుందో" అంది దేముడమ్మ.

రెండోపూటకి చిట్టితల్లి మంచం దిగింది. సాయంత్రానికి వార్డంతా దానిదే. పక్కమంచం పిల్లాడి బంతి లాక్కుని, వరండా పొడుగునా అరుచుకుంటూ పరుగు. వెనకాల నాయనమ్మ. "ఆగవే, ఆగు. పడిపోతావే గుంటా." అది ఆగితే కదా. ఆ చివరికెళ్లి, గోడ ముట్టుకుని, మళ్లీ ఈ చివరికి. అరుపులకి పై అంతస్తు నుంచి ఎవరో వంగి చూశారు. దేముడమ్మ చీర చెంగు బొడ్లో దోపుకుని మూడు తిరుగుళ్లు తిరిగింది. నాలుగో దానికి కాళ్లు రానన్నాయి. అప్పుడే ఫోను మోగింది.

"హలో" అందామన్నా ఊపిరి అందలేదు. ఫోను చెవికి ఆనించుకుని, గోడకి చేరగిలబడి రొప్పుతోంది.

అటువైపు వాసుదేవ్ కాసేపు విన్నాడు.

"అమ్మా, తీసేశారన్నారు కదే. ఆయాసం ఇంకా అలాగే ఉన్నాదేటి? నాకు ఇక్కడికి వినిపిస్తోంది."

"అది పిల్లది కాదురా" అంది దేముడమ్మ, మాటకి మాటకి మధ్య గాలి పీల్చుకుంటూ. "నాది."

"నీకేటయిందే?"

"నీ కూతురికి నయమైపోయింది. నాకదే అయింది."